పసి ఊపిరి ఋణం

పిల్లల వైద్యం చదువుకోవడానికి అనంతపురం గడ్డ మీద అడుగుపెట్టిన నాయనా, ఈ మాటలు నీకు. నీతో పాటు వచ్చిన ఆడపిల్లలకూ ఇవే మాటలు. చదువు ముగిసేలోగా నీ చేత ఒక థీసిస్ రాయిస్తారు. దానికి యాభైమందో వందమందో పిల్లలు కావాలి. వార్డులో ఆయాసంతో పడుకున్న పసికందుల పేర్లు ఒక ప్రొఫార్మాలోకి ఎక్కుతాయి. వాళ్ల రక్తం, ఛాతీ ఎక్స్‌రే, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీశారన్న లెక్క, అన్నీ గడుల్లోకి చేరతాయి. పెద్ద పత్రికల్లో అచ్చయ్యేదే పరిశోధన, ఇది కేవలం పరీక్ష గట్టెక్కే తంతు అని నీ సీనియర్లు చెప్తారు. ఆ మాట చెవిని పెట్టకు. సూదిపోటు తిన్న బిడ్డకు రెండింటికీ తేడా లేదు.

పెద్దవాడు తన ఒంటిని పరీక్షకు ఒప్పగిస్తే దాన్ని దానమనవచ్చు. ఎనిమిది నెలల బిడ్డ విషయంలో ఆ మాట చెల్లదు. ఇస్తానని ఆ బిడ్డ అనలేదు, ఇవ్వనని కూడా అనలేదు. తల్లి వేలిముద్ర వేసింది. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే ఆమె ఏ కాగితం ముందు పెట్టినా వేలిముద్ర వేస్తుంది. కాబట్టి నీవు తీసుకున్నది అప్పు. అప్పంటే ఏమిటో ఈ సీమలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. వేరుశనగ విత్తనానికి తెచ్చిన అప్పు వాన మొహం చాటేసినా అప్పే. నీ పరిశోధన ఫలించినా, ఫలించకపోయినా ఆ బిడ్డకు నీవు బాకీపడ్డావు. నేను చెప్పదలచిందంతా ఆ బాకీ తీర్చే దారి గురించే.

మొదట తల్లి మాట వినడం నేర్చుకో. మన పూర్వులు బాలవైద్యానికి రాసిన కాశ్యప సంహితలో వేదనాధ్యాయమని ఒక అధ్యాయమే ఉంది. మాట రాని శిశువు ఎక్కడ నొప్పితో బాధపడుతున్నాడో అతని చేష్టలను బట్టి గ్రహించడం అందులోని విషయం. ఈనాటి పల్లె తల్లికి ఆ గ్రంథం పేరు తెలియదు. అయినా డొక్కలు ఎగరేస్తున్నాడనీ, పిల్లికూతలు వినిపిస్తున్నాయనీ, పాలు పట్టుకోవడం లేదనీ ఆమె చెప్పే మూడు మాటల్లో నీ పాఠ్యపుస్తకం సగం ఉంది. 1980ల్లో పాపువా న్యూగినీ కొండప్రాంతంలో వైద్యులు దగ్గుతో వచ్చిన పిల్లల ఊపిరులు లెక్కపెట్టారు. అలాంటి పనుల నుంచే నేటి కొలత పుట్టింది. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఆపైన అయిదేళ్ల వరకు 40, అంతకు చేరితే ప్రమాదమని ఇవాళ ఆశా కార్యకర్త కూడా చెప్పగలదు. స్టెతస్కోపు అక్కరలేదు. చేతిగడియారం చాలు, నిమిషంపాటు ఓపిక చాలు. ఆ ఓపిక అరుదైపోయింది, అది వేరే సంగతి.

నీవు నిలబడిన నేలకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. అది తెలియకుండా ఇక్కడ పరిశోధన చేయబూనుకోవడం తగదు. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ వెలసింది. క్షయ రోగిని శానిటోరియంలో ఏళ్లకేళ్లు ఉంచనక్కరలేదని, ఇంటి వద్దే మందులిచ్చినా నయమవుతుందని మద్రాసు పరిశోధకులు అప్పటికే నిరూపించారు. ఆ జ్ఞానాన్ని ఒక జిల్లా మొత్తానికి అందించడమెలాగో చూడాలి. అందుకు నమూనాగా 1961లో తీసుకున్నది అనంతపురం జిల్లానే. ఊపిరితిత్తుల రోగాన్ని పల్లె ఆసుపత్రుల ద్వారా పట్టుకుని నయం చేసే పద్ధతి దేశమంతటా పాకడానికి ముందు ఇక్కడి కరువు పల్లెల్లో రూపు దిద్దుకుంది. కరువు లెక్కల్లో తప్ప ఈ జిల్లా పేరు ఎక్కడా మొదట రాదనుకునేవారికి ఈ సంగతి చెప్పు.

అదే కాలంలో పొరుగున ఉన్న తుమకూరు జిల్లాలో మరొక పని జరిగింది. పావగడ ఆ జిల్లాలోదే. దాని చుట్టూరా దాదాపు మన పల్లెలే, అక్కడ వినిపించేదీ తెలుగే. డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఊళ్లలోని క్షయ రోగులను ఇంటికి వెళ్లి కలిశారు. నీ ఒంట్లో ఏమి బాగాలేదో నీకు తెలుసా, తెలిస్తే ఏం చేశావు అని అడిగారు. పల్లెవాడికి రోగమంటే తెలియదు, చెప్పినా రాడు, ఇల్లిల్లూ తిరిగి పట్టుకోవాలి అని పట్నపు మేధావులు ధీమాగా అనుకుంటున్న రోజులవి. 1963లో వెలువడిన ఆ అధ్యయనం ఆ ధీమాను కూల్చింది. రోగుల్లో చాలామందికి తమ బాధ తెలుసు. సగానికి పైగా తమంతట తామే ఆసుపత్రి గడప తొక్కారు. కఫం పరీక్ష చేసిన నాథుడు లేడు. చాలామందిని ఒక దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపేశారు.

నాయనా, ఈ ఒక్క అధ్యయనాన్ని నీ మనసులో నిలుపుకో. ప్రశ్న ఎంత చిన్నదో చూడు. వాళ్లు కొత్త మందు కనిపెట్టలేదు, ఎవరికీ సూది గుచ్చలేదు. అజ్ఞానం ఎవరిదన్న ప్రశ్న వేశారు, జవాబు తమవాళ్ల వైపే వేలెత్తి చూపినా దాచకుండా అచ్చువేశారు. ఆ సీసా ఇంకా పోలేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు మందు తాగి ఇరవైమందికి పైగా చిన్నపిల్లలు మూత్రపిండాలు పాడై కన్నుమూశారు. పిల్లల మామూలు దగ్గు చాలావరకు దానంతటదే తగ్గుతుందని తెలిసిన వైద్యలోకం, తల్లిని ఊరడించడానికి రెండు మాటలు ఖర్చుపెట్టలేక సీసాను ఖర్చుపెట్టింది. తెలిసినదాన్ని ఆచరణలో పెట్టని చోట ఎన్ని అధ్యయనాలు చేసినా పాత బాకీ మీద వడ్డీ పెరగడమే.

ఫలించని పరిశోధనను దాచిపెట్టకు. మనకు ఆగ్నేయాన మదనపల్లె దగ్గర, ఒకప్పుడు క్షయ శానిటోరియంగా వెలసిన ఆరోగ్యవరం ఉంది. 1948లో దేశంలో క్షయ నిరోధక బీసీజీ టీకాను తొలిసారి ప్రయోగాత్మకంగా వేయడం మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అక్కడి పల్లెజనాన్ని రెండు దశాబ్దాలపాటు వెన్నంటి గమనించారు. టీకా ఇచ్చే రక్షణ ఆశించినంత లేదని, ఉన్నది కూడా కాలంతో సన్నగిల్లిందని రాశారు. తరువాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో లక్షలమందితో జరిగిన మహాప్రయోగం ఇంకా కఠినమైన మాట చెప్పింది: పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదు. టీకా మీద ఆశలు పెట్టుకున్న ప్రభుత్వానికీ, ప్రపంచ ఆరోగ్య సంస్థకూ ఇది మింగుడుపడని మాట. అయినా చెప్పారు. పసిపిల్లల్లో మెదడు పొరలకు సోకే క్షయ నుంచీ, ఒళ్లంతా పాకే క్షయ నుంచీ ఇది కాపాడుతుందని వేరే అధ్యయనాల్లో తేలింది కనుక ఇప్పటికీ పుట్టగానే బిడ్డ ఎడమ భుజం మీద వేస్తున్నాం. ఎందుకు వేస్తున్నామో, ఎందుకు కాదో ఇంత కచ్చితంగా మనకు తెలిసింది ఓటమిని కూడా ఒప్పుకుని రాసినవారి వల్లనే.

పొగ సంగతి కూడా అంతే. కందికట్టె, సర్కారు తుమ్మ మండే పొయ్యి పక్కన పెరిగే బిడ్డ ఊపిరికి చేటని మనందరికీ తెలుసు. గ్యాసు పొయ్యి ఇస్తే న్యుమోనియా తగ్గిపోతుందని అందరం నమ్మాం. భారత్, గ్వాటెమాల, పెరు, రువాండాల్లో సుమారు 3,200 మంది గర్భిణుల ఇళ్లలో దీన్ని పరీక్షించారు. మన దేశంలో ఆ ఇళ్లు తమిళనాడులోవి. గ్యాసు వచ్చాక ఇంట్లో పొగ బాగా తగ్గింది. ఏడాదిలోపు పిల్లల్లో తీవ్రమైన న్యుమోనియా మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదని 2024లో ప్రకటించారు. దీన్ని చదివి కట్టెలపొయ్యి మంచిదని ఎవడైనా అంటే వాడు చదవలేదన్నమాట. ఒక్క పొయ్యితో తీరే కష్టం కాదని దాని అర్థం. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళ్లి చూడు. హగరి ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద, ఇళ్ల మీద పడుతుంది. అక్కడి పసివాడి ఊపిరిలో వంటింటి పొగ ఒక పాలు మాత్రమే. అర్ధాకలితో పుట్టడం, తక్కువ బరువు, ఆసుపత్రికి దూరం, వీటన్నిటి పాలు లెక్కకట్టే ప్రశ్న ఇంకా ఎవరో వెయ్యాలి.

ఒక ఊళ్లో ప్రాణం పోసిన సాధనం మరో ఊళ్లో ప్రాణం తీయవచ్చని కూడా గ్రహించు. ఢాకాలో వైద్యులు ఖాళీ షాంపూ సీసాలో నీళ్లు పోసి, గొట్టం అమర్చి, న్యుమోనియా పిల్లల ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా గాలి ఒత్తిడినిచ్చే బబుల్ సీప్యాప్ తయారుచేశారు. 2015లో ప్రచురించిన ఫలితం ప్రకారం, మామూలు ఆక్సిజన్ ఇచ్చిన పిల్లల్లో నూటికి 15 మంది చనిపోతే, దీనితో నలుగురే చనిపోయారు. తేడా అంత స్పష్టంగా కనబడేసరికి 225 మంది పిల్లలు చేరగానే, అనుకున్నదానికంటే ముందే, ఆ ప్రయోగాన్ని ఆపేశారు. అదే పద్ధతిని ఆఫ్రికాలోని మలావీలో ఒక జిల్లా ఆసుపత్రిలో 644 మంది మీద పరీక్షిస్తే ఫలితం తలకిందులైంది. సీప్యాప్ పెట్టినవారిలో నూటికి 17, మామూలు ఆక్సిజన్‌తో 11 మరణాలు. ఢాకాలో పిల్లల పక్కన అనుక్షణం వైద్యులున్నారు, మలావీలో ఆ వసతి లేదు. రేపు నీవు కదిరికో, మడకశిరకో, కళ్యాణదుర్గానికో ఒక యంత్రం తీసుకెళ్తావు. ఆ రాత్రి డ్యూటీలో ఎవరుంటారో ముందు అడుగు.

ఇంకా భయంకరమైన కథ ఒకటుంది. క్లుప్తంగా చెప్తాను. పసిపిల్లల ఊపిరితిత్తులను పీడించే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కు 1966లో అమెరికాలో ఒక టీకా తయారుచేసి వాషింగ్టన్‌లో 31 మంది శిశువులకు వేశారు. చలికాలంలో ఆ వైరస్ 20 మందికి సోకింది. వారిలో 16 మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. టీకా కాపాడకపోగా రోగాన్ని ముదరబెట్టింది. దాన్ని చేసినవారు దుర్మార్గులు కారు. జరిగింది జరిగినట్టు ప్రచురించారు. ఎందుకిలా అయిందో తేల్చడానికి దశాబ్దాలు పట్టింది. ఆ వైరస్ నుంచి పసిబిడ్డలను కాపాడే కొత్త యాంటీబాడీ, గర్భిణికి వేసే టీకా అమెరికాలో 2023లో అనుమతి పొందాయి. ఆ ఇద్దరు బిడ్డలు లేకపోతే ఈ మందులు ఇంత జాగ్రత్తగా తయారయ్యేవి కావు. దీన్ని త్యాగం అని రాయకు. వాళ్లు త్యాగం చేయలేదు.

ఇక మన తెలుగు నేల మీద జరిగిన సంగతి. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆపే హెచ్‌పీవీ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి వేశారు. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమమది. టీకా వేసిన మండలాల్లో భద్రాచలం ఒకటి. పిల్లల్లో ఎందరో గిరిజన హాస్టళ్లలో చదివేవారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తతో గొడవ రేగింది, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిపివేశారు. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. నేను ఆ మాటను కాదనను. ఆ టీకా మేలైనదన్న విషయంలోనూ నాకు సందేహం లేదు. నా బాధ వేరే. ఎన్నో అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. కన్నవాళ్లకు కబురే లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

వార్డెన్ సంతకం పెడితే పని త్వరగా అయిపోతుంది, నిజమే. అడవి దాటి గూడేనికి నడిచి వెళ్లి, కోయ మాట తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని, ఈ సూది ఎందుకో, వద్దంటే ఏమవుతుందో విడమరచి చెప్పాలంటే నెలలు పడుతుంది. ఆ నెలలు మిగుల్చుకున్నందుకు చెల్లించిన మూల్యం ఎంతో చూడు: ఒక మంచి టీకా పేరు చెడిపోయింది, మరెందరో తల్లులు తమ కూతుళ్లకు ఆ టీకా వేయించడానికి జంకారు. పాపం చేసినవారికి తగిలిందో లేదో కానీ ఫలం మాత్రం పిల్లలకు తగిలింది.

చట్టం ఆ తరువాత గట్టిపడింది. నిస్సహాయుల నుంచి తీసుకునే అనుమతిని వీడియో, ఆడియోలో నమోదు చేయాలని 2015లో నిబంధన వచ్చింది. 2019 నాటి కొత్త నియమాలు నష్టపరిహారాన్నీ, ఎథిక్స్ కమిటీల బాధ్యతనూ స్పష్టం చేశాయి. ఏడేళ్లు దాటిన బిడ్డ సమ్మతి కూడా అడగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఇవన్నీ పాటించు. కానీ కెమెరా ముందు తల ఊపిన తల్లిని ఆ సాయంత్రం మళ్లీ కలిసి, 'అమ్మా, పొద్దున నేను చెప్పింది నీ మాటల్లో నాకు చెప్పు' అని అడుగు. ఆమె 'నువ్వు డాక్టరువి కదా నాయనా, నువ్వు చెప్పినట్టే చేస్తా' అంటే నీకు అనుమతి ఇంకా దొరకలేదు. వద్దన్నా వైద్యం ఆగదని ఆమె నమ్మేదాకా దొరకదు.

అరుదైన జబ్బుల దగ్గరికి వచ్చేసరికి ఈ ఋణం మరీ బరువెక్కుతుంది. మనవైపు మేనరికాలు ఎక్కువ. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి దాగిన లోపపు జన్యువులు బిడ్డలో జతకూడితే వచ్చే జబ్బులు అందువల్ల ఎక్కువగా కనిపిస్తాయి. వెన్నుపాము కండరాల క్షీణత, అంటే ఎస్‌ఎంఏ, అలాంటిదే. బిడ్డ మెడ నిలపలేడు, కాళ్లు ఆడించలేడు, రొమ్ము కండరాలు సడలి పొట్టతోనే ఊపిరి తీస్తుంటాడు. తీవ్రమైన రకంలో వైద్యం లేకపోతే రెండేళ్లు నిండడం అరుదు. అలా ఇద్దరిని పోగొట్టుకున్న తల్లిని ఊరంతా ఒక రకంగా చూస్తుంది. 'మేనరికం ఎందుకు చేసుకున్నారు' అని నీవు కూడా అడగకు. ఆ పెళ్లి ఆమె కుదుర్చుకున్నది కాదు.

ఎస్‌ఎంఏకు జన్యుచికిత్స 15 మంది శిశువులతో మొదలైంది. ఇరవై నెలల వయసుకు అందరూ బతికి ఉన్నారని 2017లో వెలువడిన ఫలితం చూసి లోకం నివ్వెరపోయింది. తరువాత ఆ మందు ఒక్క మోతాదు ధర 16 కోట్ల రూపాయలని విని మళ్లీ నివ్వెరపోయింది. మన ప్రభుత్వం 2021లో అరుదైన వ్యాధుల విధానం ప్రకటించి, 2022లో సహాయాన్ని 50 లక్షల వరకు పెంచింది. అరుదైన వ్యాధుల కోసం హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రినీ, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీనీ కలిపి ఒక ప్రత్యేక కేంద్రంగా గుర్తించింది. 50 లక్షలకూ 16 కోట్లకూ మధ్య దూరాన్ని నీవు పూడ్చలేవు. నీ చేతిలో ఉన్న పని ఒకటుంది. పేరు తెలియని జబ్బుతో బిడ్డ చేజారిపోతున్నప్పుడు, తల్లిదండ్రులకు నెమ్మదిగా చెప్పి, వాళ్లు సరేనంటే, రెండు మిల్లీలీటర్ల రక్తం ఈడీటీఏ గొట్టంలో తీసి జన్యు పరీక్షకు భద్రపరచు. రేపు ఆమె మళ్లీ గర్భవతి అయినప్పుడు కడుపులోని బిడ్డ సంగతి చెప్పడానికి ఆ గొట్టమే ఆధారం. ఫలితం వచ్చాక ఆ ఇంటికి కబురు పంపు. నీ థీసిస్ సమర్పించేశాక వచ్చినా సరే పంపు.

ఇవన్నీ మహానగరాల్లోనే సాధ్యమని నిట్టూర్చకు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ ప్రారంభించిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వారి బత్తలపల్లి ఆసుపత్రిలో వైద్యులు, హెచ్‌ఐవీ సోకిన పెద్దల, పిల్లల వివరాలు ఏళ్ల తరబడి శ్రద్ధగా రాసిపెట్టి, వాటి ఆధారంగా అంతర్జాతీయ పత్రికల్లో ఎన్నో వ్యాసాలు వెలువరించారు. రోజూ రాసే రిజిస్టరు నిజాయితీగా రాస్తే అదే పరిశోధన.

ఆ రిజిస్టరులోనే నిన్ను పరీక్షించే గడి ఒకటుంది. పరిశోధన మధ్యలో రావడం మానేసిన పిల్లల పేర్ల ఎదురుగా 'లాస్ట్ టు ఫాలో అప్' అని రాస్తావు. వాళ్లు పోయింది ఎక్కడికో నీకు తెలుసు. వాన పడలేదు, కుందుర్పి నుంచో అమరాపురం నుంచో బెంగళూరు భవనాల పనికి వెళ్లారు. బిడ్డ ఇసుక కుప్ప పక్కన దగ్గుతూ ఉంది. ఫోను చెయ్యి. ఉగాదికి ఊరికొస్తారా అని అడుగు, ఆ తేదీ రాసుకో. రాలేమంటే వాళ్లు ఉంటున్న పేటలోని ఆసుపత్రికి చీటీ రాసి పంపు.

కఫం ఉమ్మలేని పసిబిడ్డకు క్షయ ఉందేమో తేల్చడానికి ఇవాళ మలం నమూనా కూడా పనికొస్తుంది. వేకువనే ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని ద్రవం తీసే బాధ కొందరికైనా తప్పుతుంది. తీవ్రం కాని క్షయకు ఆరు నెలలు అక్కరలేదు, నాలుగు నెలల మందు సరిపోతుందని ఉగాండా, జాంబియా, దక్షిణాఫ్రికాలతో పాటు మన చెన్నై, పుణె పిల్లలు కలిసి 1,204 మంది పాల్గొన్న పరిశోధన 2022లో తేల్చింది. వలసపోయే కుటుంబానికి ఆ రెండు నెలలు ఎంత మిగులో నీకు వేరే చెప్పాలా? ఇలాంటి సంగతి ఇంగ్లీషు పత్రికలో చదివి ఊరుకోకు. ఒక్క కాగితం మీద తేటతెలుగులో రాయి. ఎన్ని ఊపిరులకు భయపడాలో, దగ్గు ఎన్ని వారాలు దాటితే పరీక్ష చేయించాలో, మందు ఎన్నాళ్లో, నీ అధ్యయనంలో చేరిన పిల్లల వల్ల నీకేమి తెలిసిందో, ఏమి తెలియలేదో అందులో ఉండాలి. ఏ ఊళ్ల పిల్లలు నీ గడుల్లోకి ఎక్కారో ఆ ఊళ్ల ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీలో బరువు తూచే రోజున, చేతికివ్వు. అడుగున నీ పేరు, నీ ఫోను నంబరు వెయ్యి. పిలిస్తే పలుకు.